బండి కింద నీళ్ల పళ్లెం

ఆ మంగళవారం పొద్దున మేస్త్రి కోసం చోడి అంబలి కాచి చల్లారబెట్టి ఉంచాను. ఆయన రాలేదు, ఆయన పోయారన్న కబురు వచ్చింది. ముందు రోజు సాయంత్రం షెడ్డు మూసి, కాళ్లు కడుక్కుని, మంచం మీద కూర్చుని అలాగే పక్కకి ఒరిగిపోయారట. ఫోను ఎత్తింది మా తమ్ముడు.

"మేస్త్రి సిన్నాన్న లేడంట అప్పా" అని అరుగు మీద కూలబడ్డాడు. మా వైపు అక్కని అప్పా అంటారు.

అరుగు మీద రెండు అట్టపెట్టెలు ఉన్నాయి. నా చూపు వాటి మీద పడింది. నిజమే రాస్తాను, నాకు ముందు ఏడుపు రాలేదు. మరి ఈ రెండింట్లో ఏది బిగించాలి అన్న ఆలోచన వచ్చింది. దాని వెనకాల సిగ్గు వచ్చింది. ఏడుపు సాయంత్రం ప్రార్థనలో గాని రాలేదు.

ఆ పెట్టెల్లో ఉన్నవి బండి మూతలు. ఇది చదివేవారిలో బండి కింద దూరి చూసినవారు తక్కువమంది ఉంటారు. నేనూ యాభై దాటేదాకా చూడలేదు. అందుకని కాస్త చెబుతాను. మా తమ్ముడిది నాలుగు చక్రాలూ లాగే పాత బండి, వెనక తొట్టి కట్టించినది. వెనక రెండు చక్రాల మధ్య ఇరుసు నడుమున గుమ్మడికాయంత ఉబ్బు ఉంటుంది. లోపల పళ్ల చక్రం నూనెలో మునిగి తిరుగుతుంది. ఆ ఉబ్బుకి వెనక పక్క పది బోల్టులతో ఒక మూత. తమ్ముడు దాన్ని డిఫరెన్షియల్ కవరు అంటాడు. మేస్త్రి యనక మూత అనేవారు. కంపెనీ ఇచ్చే మూత పల్చని రేకు, తారురోడ్డు మీద తిరిగే బండికి అది చాలు.

మాది అరకు నుంచి బాగా లోపలికి పోయిన ఊరు. మా మీద కొండపైన ఇంకో ఊరుంది. మా చెల్లెలి కూతుర్ని అక్కడికే ఇచ్చాం. ఆ దారిలో మూడు గెడ్డలు, అంటే కొండవాగులు, వాటి నిండా రాళ్లు. అక్కడికి ఎక్కేది మా తమ్ముడి బండి ఒక్కటే. క్రిస్మస్‌కి ముందు రెండో గెడ్డలో రాయి తగిలి మూత లోపలికి సొట్టపోయింది. ఇంటిదాకా దారంతా నూనె చుక్కలు. మేస్త్రి ఏదో పూసి ఆపారు గాని, "ఇది ఆడపిల్ల కంటి నీరు లాటిది, ఇయాళ ఆగింది, రేపేటో సెప్పలేను" అన్నారు.

చెల్లెలి కూతురికి నెలలు నిండాయి. శుక్రవారం దాటనివ్వకండి, గురువారానికల్లా కిందికి తెచ్చి ఆసుపత్రిలో పెట్టండి అని నర్సమ్మ గట్టిగా చెప్పింది. బండి లేకపోతే డోలీ. గెడ్డలు దాటించే డోలీలో ఆ పిల్ల నాయనమ్మ ఎలా పోయిందో మా ఇంట్లో అందరికీ గుర్తే.

అందుకే ఆ రెండు పెట్టెలు.

మేస్త్రి మాకు చుట్టం కాదు. విజయనగరం పక్క పల్లపు ఊరాయన. ముప్పై ఏళ్ల కిందట ఒక పనిముట్ల పెట్టెతో, భార్యతో వచ్చి మా మందిరం పక్కన పనసచెట్టు కింద షెడ్డు వేసుకున్నారు. అప్పటికి నేను పెళ్లి వద్దనుకుని తమ్ముణ్ణీ చెల్లెల్నీ పెంచుతున్నాను. ఆయనకి నేను ఆ రోజున పెద్దగుంటని, అంటే పెద్దపిల్లని. మొన్నటిదాకా కూడా పెద్దగుంటనే. నలభై దాటిన మా తమ్ముడు ఆయన నోట గుంటడే.

ఆయన దేవుణ్ణి మొక్కగా నేను చూడలేదు. ఆదివారం మాత్రం మా ప్రార్థన అయ్యేదాకా సుత్తి ఎత్తేవారు కాదు. ఒకసారి పాస్టరుగారు బాగా పొడుగ్గా చెప్పారు. బయటికి రాగానే మేస్త్రి నాతో, "మీ దేవుడికి ఇనే ఓపికుంది గుంటా, ఆ లారీ డ్రైవరుకి నేదు. అల్లదిగో, నన్ను తింతన్నాడు" అన్నారు. అయినా మరుసటి ఆదివారం కూడా ఆగారు.

పని మొదలెట్టే ముందు చేతులు కడుక్కునేవారు. పని అయ్యాక అందరూ కడుక్కుంటారు, ఈయన ముందు కూడా కడుక్కునేవారు. విప్పిన బోల్టులు ఏ వరసలో వచ్చాయో అదే వరసలో గోనెపట్టా మీద పేర్చేవారు. ఎవరైనా దాటితే తిట్టేవారు. స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆన్చి పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవారు. బాగయిందా అని అడిగితే బాగయిందని ఎప్పుడూ అనలేదు. "సూద్దాం" అనేవారు. ఆ మాటతో మా తమ్ముడికి ఒళ్లు మండేది.

ఇంకొక అలవాటు ఉండేది. ఇరుసులో నూనె పోసే రోజున బండిని మేం కాఫీ గింజలు ఎండేసే కళ్లం మీదికి తెప్పించేవారు. ఈశాన్యం మూలన నిలబెట్టించేవారు. తన సంచీలోంచి అంచు లేచిన స్టీలు పళ్లెం ఒకటి తీసి, నిండా నీళ్లు పోసి, బండి కింద ఇరుసు దగ్గర పెట్టేవారు. కాసేపు మోకాళ్ల మీద వంగి ఆ నీళ్లకేసి చూసేవారు. ఆ తర్వాతే నూనె డబ్బా మూత తీసేవారు. నేను ముప్పై ఏళ్లు అది చూశాను. మనసులో ఒక మాట అనుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆయన్నీ అడగలేదు. ఒకరి మొక్కుబడి గురించి అడగకూడదని నా నమ్మకం.

మూతల సంగతికి వస్తాను. మా తమ్ముడు నెల్లాళ్లు ఫోనులో వీడియోలు చూశాడు. ఒకడు అల్యూమినియం అంటాడు, ఇంకొకడు ఉక్కు అంటాడు. మూడోవాడు అసలు మూత మార్చడమే తప్పు అంటాడు. అన్నం దగ్గర అదే, మందిరం మెట్ల దగ్గర అదే.

"అప్పా, సల్లగుండాలా, గట్టిగుండాలా?"

"ఏది?"

"అదే, మూత."

"నాకేం తెలుసురా?"

"నీకు తెలీదని నాకు తెలుసు. ఏదో ఒకటి సెప్పు. నువ్వు సెప్తే నాకు నిద్దరడతాది."

ఆఖరికి విశాఖలో దుకాణంవాళ్లు రెండూ పంపి, వద్దన్నది వెనక్కి పంపమన్నారు. ఒకటి అల్యూమినియం. తెల్లగా మెరుస్తూ, దువ్వెన పళ్లలాగా రెక్కలతో, ముందుకు పొట్టతో ఉంది. నూనె ఎక్కువ పడుతుందట, రెక్కలు వేడి లాగుతాయట. రెండోది నల్లది, మందపాటి ఉక్కు. అందం లేదు. దాన్ని ఎత్తబోతే నా నడుం పట్టేసింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక మేస్త్రి వచ్చి చూశారు. చేతులు కడుక్కున్నారు. రెండు మూతల్నీ స్పానరుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు. తెల్లదాన్ని తిరగేసి, అడుగున నూనె తీసే బిరడా బయటికి పొడుచుకొచ్చి ఉంటే దాన్ని బొటనవేలితో తట్టారు.

"ఇది పెళ్లికొడుకురా గుంటడా. రాయి ముందు దీని ముక్కుకే తగుల్తాది. పగిలితే దీన్ని అతికీవోడు మన సుట్టుపట్ల నేడు. ఉక్కయితే పెదబయల్లో కూడా వెల్డింగెడతారు. నల్లదే ఏసుకో."

"అయితే ఇయాళే బిగించీనా సిన్నాన్నా?"

"సూద్దాం."

ఆ తర్వాత తమ్ముడి చేత నూనె దింపించి, పాతమూత విప్పించి, దాన్నీ నల్లమూతనీ పక్కపక్కన నిలబెట్టి, నూనె పోసే బెజ్జాల్లో వేలు పెట్టి చాలాసేపు చూశారు. ఏదో గొణుక్కున్నారు. తమ్ముడు అప్పటికే తెల్లదాన్ని పెట్టెలో సర్దేస్తున్నాడు. మేస్త్రి పాతమూతని చంకలో పెట్టుకుని బయల్దేరారు. సొట్టమూత బండికి లేకపోతే లోపల దుమ్ము పడుతుందని దాని చోట గోనెగుడ్డ కట్టించారు. నేను వాకిలిదాకా వెళ్లాను. ఆయన వెనక్కి చూసి, గొంతు తగ్గించి అన్నారు.

"ఆడికి నల్లది ఏయమన్నాను. నువ్వు మాత్తరం ఏయనీకు పెద్దగుంటా. మంగళారం నానొచ్చినాక సూద్దాం."

ఎందుకని అడగలేదు. ఆయన చెప్పినదానికి కారణం అడిగే అలవాటు నాకు లేదు. తమ్ముడితో కూడా అనలేదు. రెండు రోజులే కదా అనుకున్నాను.

మంగళవారం ఆయన్ని గెడ్డ ఒడ్డున దహనం చేశారు. మా తమ్ముడు ఒక పక్క మోశాడు. నాకు మాత్రం ఆ మంట దగ్గర ఒకటే గోల. వేసుకో అని వాడికి చెప్పారు, వేయనీకు అని నాకు చెప్పారు. రెండూ ఒకే నోటితో, ఒకే పూట అన్నారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. పైగా "నానొచ్చినాక" అన్నారు. వస్తానన్న మనిషి ఇక రారు. అప్పుడు ఆ మాటకి గడువు తీరినట్టా, తీరనట్టా? ప్రార్థన చేశాను. జబ్బుల గురించి, పిల్లల గురించి దేవుణ్ణి అడగడం నాకు వచ్చు. బండిమూత గురించి ఎలా అడగాలో తెలియలేదు.

బుధవారం పొద్దున తమ్ముడు నల్లమూత బయటికి తీశాడు. నేను నోరు విప్పబోయి ఆగిపోయాను. గురువారం ఒక్క రోజే ఉంది. పాతమూత ఇక్కడ లేదు. చెబితే వాడు మళ్లీ నెల్లాళ్ల గందరగోళంలో పడతాడు. నాకే తెలియనిదాన్ని వాడి నెత్తిన ఎందుకు పెట్టాలి? ఇలా నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే అది దయో పిరికితనమో తేల్చలేకపోతున్నాను.

వాడు మూత బిగించి, మా వాకిట్లోనే, బెజ్జంలోంచి నూనె పొర్లేదాకా పోశాడు. మా దగ్గర బండిని ఎప్పుడూ మూతి పల్లానికి పెట్టి ఆపుతాం. బ్యాటరీ మొండికేస్తే తోయడానికి మనుషులు అక్కర్లేదు, వాలే తోస్తుంది. మా వాకిలి కూడా ఆ వాలే. పుట్టినప్పటి నుంచి ఆ వాలు మీదే ఉన్నాం కాబట్టి అది వాలని మాకు తోచదు.

రెండో గెడ్డదాకా వెళ్లి చూసి వస్తానన్నాడు. గంటలో తిరిగి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"దిగినప్పుడు యనక బ్రేకు పట్టనేదప్పా. జారిపోయింది. ముందు బ్రేకుతో లాక్కొచ్చినాను."

వెనక చక్రం లోపలి నుంచి నూనె కారుతోంది. మాడు వాసన. వాడు చక్రానికేసీ మూతకేసీ మార్చి మార్చి చూశాడు.

"ఈ మూత మంచిది కాదేటి? తెల్లదే ఏయాలేటి? సిన్నాన్న నల్లదే అన్నాడు గదప్పా!"

అప్పుడు చెప్పాను. ఆదివారం వాకిలి దగ్గర ఆయన అన్న రెండో మాట, ఉన్నదున్నట్టు.

తమ్ముడు నా మీద గొంతెత్తడం అదే మొదటిసారి. "ఇంతవరకూ సెప్పకుండా ఏటి సేత్తన్నావప్పా? పిల్ల ఎక్కి దిగినప్పుడు బ్రేకు పోయుంటే?"

"షెడ్డుకి పోదాం పద" అన్నాను.

మేస్త్రి భార్యని మేం పిన్నీ అంటాం. గుమ్మంలో కూర్చుని ఉంది. లోపల బల్ల మీద పాతమూత ఉంది. సొట్ట సగం తీసి ఉంది. సుత్తి దాని పక్కనే ఉంది. ఆ పక్కన మూతకీ ఇరుసుకీ మధ్య పెట్టే ప్యాకింగు, మందపాటి కాగితంతో కోసినది, పది బెజ్జాలతో, నల్లమూతకున్న వెడల్పాటి అంచు కొలతకి సరిగ్గా. నాకు ఇంకా అయోమయం పట్టుకుంది. పాతదాన్ని సాగగొడుతూ కొత్తదానికి ప్యాకింగు ఎందుకు కోశారు?

"పిన్నీ, ఏది ఏయాలనుకున్నాడో నీకేటైనా సెప్పేడా?" తమ్ముడు అడిగాడు.

"నాకేటి తెలుసురా. సోమారమంతా గొణుక్కున్నాడు. కొత్తదానికి బెజ్జం యేలెడు పైకెట్టేడంట ఆ కంపెనీవోడు. అది పొర్లేదాకా పోత్తే ముంచెత్తుతాది, ఆ గుంటడు పోత్తాడు, అనీసి." ఆవిడ లేచి, మూల మేకుకి ఉన్న సంచీలోంచి ఆ స్టీలు పళ్లెం తీసి నా చేతిలో పెట్టింది. "ఇది నువ్వట్టుకెల్లు. నాకెందుకు?"

నేను రెండు చేతులా పుచ్చుకున్నాను. "ఆయన పూజ పళ్లెం నాకెందుకు పిన్నీ, నీ దగ్గరే ఉంచు."

ఆవిడ నాకేసి చూసింది. అంత దుఃఖంలోనూ నవ్వు వచ్చేసింది ఆవిడకి.

"పూజేటి గుంటా! ఆ మనిసికి పూజా? బండి సమంగా ఉందో నేదో సూసుకునీవోడు. నీల్లు ఓ పక్కకి ఒరిగితే బండి ఒరిగినట్టు. మీ కొండల్లో సమంగా ఉన్న జాగా యెతకడానికే నాకు సగం వయసు పోయిందీ అనీవోడు. నువ్వు పూజనుకున్నావా ఇన్నేల్లూ?"

అనుకున్నాను. ముప్పై ఏళ్లూ అదే అనుకున్నాను. ఆయన వంగినప్పుడల్లా నేను దూరంగా నిలబడి తల దించుకునేదాన్ని. మా తమ్ముడు కూడా అది ముసలాయన చాదస్తమని వదిలేశాడు. ఇద్దరం కళ్లారా చూశాం, ఇద్దరం అడగలేదు.

తమ్ముడు అప్పటికే లెక్క కట్టుకుంటున్నాడు. మూతి పల్లానికి ఉంటే నూనె ముందుకి పోతుంది, వెనక బెజ్జందాకా రావాలంటే ఎక్కువ పోయాలి. పైగా బెజ్జమే వేలెడు ఎత్తు. ఎక్కువైన నూనె తిరిగే వేడికి ఇరుసు వెంట చక్రాల్లోకి పోయి బ్రేకుల్ని తడిపేసింది. "మూత తప్పు కాదప్పా, నూనె కొలత సూడ్డానికే తానొచ్చినాక అన్నాడు" అన్నాడు. మళ్లీ వెంటనే, "మరి ఏది ఏయాల? పాతది కూడా సగం అయింది. పొద్దున్నే కూకుంటే మిగతా సగం నాను కొట్టగలను. నువ్వే సెప్పు" అన్నాడు.

మా ఇంట్లో ఆఖరి మాట నాదే. అది నేను కోరుకున్నది కాదు, పెద్దదాన్ని కావడంతో వచ్చింది. మేస్త్రి ఒక మాట అంటుండేవారు, "మనుసులు నాలుగు సెప్తారు, బండి ఒకటే సెప్తాది. కిందకి దూరి సూడు." ఇంటికి వచ్చాక గోనెపట్టా పరిచి, చీర బిగించి, నేను బండి కిందికి దూరాను. జీవితంలో అదే మొదటిసారి. మట్టి వాసన, నూనె వాసన. నల్లమూత అడుగు అంచున బెత్తెడు పొడుగున తెల్లని గీత ఉంది.

"ఇదేమిటిరా?"

"రెండో గెడ్డ రాయి. అదే రాయి. పొద్దున మల్లీ తగిలింది."

ఆ గీత మీద వేలు పెట్టి చూశాను. రాసుకుపోయింది, సొట్ట లేదు. పాతమూత బల్ల మీద కళ్లకి కట్టింది.

"నల్లదే ఉంచు" అన్నాను.

గురువారం తెల్లవారాక బండిని కళ్లం మీదికి తెచ్చాడు. చక్రాలు విప్పి బ్రేకులు తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించాడు. ఈశాన్యం మూలన నిలబెట్టాడు. నేను చేతులు కడుక్కున్నాను. పళ్లెం నిండా నీళ్లు పోసి ఇరుసు దగ్గర పెట్టాను. మోకాళ్ల మీద వంగాను. నీళ్లు కొంచెం నా వైపు ఒరిగాయి. తమ్ముడు బండిని జానెడు వెనక్కి తీశాడు, దానితోపాటు నేను పళ్లెం జరిపాను. ఇంకొంచెం. నీళ్లు అంచు చుట్టూ ఒక్కలాగే నిలిచాయి. అప్పుడు వాడు బెజ్జం బిరడా విప్పితే, ఎక్కువైన నూనె దానంతటదే కారిపోయింది. కారడం ఆగాక గొట్టం పెట్టి, వంచిన తీగతో కొలుచుకుంటూ, ఇంకో వేలెడు లాగేశాడు.

ఎంతసేపు వంగి ఉన్నానో తెలియదు. "అయిందప్పా, లెగు" అన్నాడు.

"బాగయిందా?"

వాడు తల అటు తిప్పుకున్నాడు. "సూద్దాం" అన్నాడు.

బండి కొండ ఎక్కింది. నేను కళ్లం మీదే కూర్చున్నాను. పళ్లెం ఎక్కడిది అక్కడే ఉంది, తీయబుద్ధి కాలేదు. పాతమూత సాగగొట్టడం ఎందుకు మొదలెట్టారో నాకు ఈ రోజుకీ తెలియదు. కొత్తదాని మీద నమ్మకం చాలకనా, గురువారానికి ఏదో ఒకటి ఉండాలనా, చేతులు ఊరికే ఉండలేకనా. వేలెడు ఎత్తు సంగతి ఆదివారమే చెబితే పోయేది కదా. ఎందుకు చెప్పలేదు? నేనెందుకు అడగలేదు? అడగవలసినది గౌరవం పేరుతో వదిలేశానేమో. ప్రార్థన మొదలెట్టి మధ్యలో మాటలు మరిచిపోయాను. నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాను. ఎదురుకొండ అందులో తలకిందులుగా, కదలకుండా ఉంది.

పొద్దు నడినెత్తికి వచ్చే వేళకి నీళ్లలో కొండ వణికింది. చప్పుడు ముందు విన్నానో, నీళ్లు కదలడం ముందు చూశానో చెప్పలేను. లేచి చూస్తే బండి వంపు తిరిగి, నెమ్మదిగా, బ్రేకు మీద బ్రేకు పట్టుకుంటూ దిగుతోంది. తొట్టిలో పరుపు మీద చెల్లెలి కూతురు, దాని చెయ్యి పట్టుకుని వాళ్లత్త. తమ్ముడు కిటికీలోంచి చెయ్యి ఊపి, ఆగకుండా ఆసుపత్రి దారి పట్టాడు. బండి వెళ్లినంతమేరా వంగి చూశాను. దారి మీద ఒక్క చుక్క లేదు.

వెనక్కి తిరిగేసరికి పళ్లెంలో నీళ్లు ఇంకా చిన్నగా కదులుతున్నాయి. అవి నిలిచేదాకా పక్కనే కూర్చున్నాను.